పాటల పోటీ లైవ్‌లో వచ్చే తిప్పలు: లక్షణం, కారణం, మందు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు దసరా పందిళ్లు లేచాయంటే పాటల పోటీలు మొదలైనట్టే. ఒకరు తెలుగు పాట, ఇంకొకరు ఒడియా, మూడోవారు హిందీ, ఒక్కోసారి సవర పాట కూడా. ఇదివరకు పందిట్లో ఉన్నవాళ్లు వింటే సరిపోయేది. ఇప్పుడు లోకల్ కేబుల్, యూట్యూబ్ లైవ్ వచ్చాయి. సూరత్‌లో మగ్గాల దగ్గర పనిచేసే గంజాం కుర్రాళ్లు, విశాఖలో స్థిరపడిన చుట్టాలు ఫోన్లో చూస్తారు.

తిప్పలన్నీ అక్కడే పుడుతున్నాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకీ, తెర ముందున్నవాళ్లకీ ఒకే శబ్దం, ఒకే వెలుగు ఇచ్చేస్తున్నాం. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలై, యూరప్ దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పాటల పోటీని చూడండి. హాల్లో వేలమంది ఉన్నా స్టేజీ కట్టేది కెమెరా కోసం, హాలుకి ఒక మిక్స్, టీవీకి వేరే మిక్స్. వాళ్ల డబ్బు మన దగ్గర లేకపోయినా ఈ పద్ధతి అనుసరించడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

పందిట్లో బ్రహ్మాండం, ఫోన్లో గొంతొక్కటే

లక్షణం: లైవ్‌లో గాయని గొంతు చెవి పక్కనే అరిచినట్టుంటుంది. డ్రమ్స్, డోలు, చప్పట్లు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి.

కారణం: మిక్సర్ మెయిన్ అవుట్ నుంచే కేబుల్ వాళ్లకి లైను ఇచ్చారు. పందిట్లో డ్రమ్స్ మైకు లేకుండానే మోగుతాయి కాబట్టి ఆపరేటర్ మిక్సర్లో వాటిని తగ్గించేస్తాడు. అతని చెవికి అది సరైన పనే. ఆ తగ్గించిందే టీవీకి వెళ్తుంది.

మందు: మెయిన్ అవుట్ ఇవ్వకండి, ఒక ఆగ్జ్ అవుట్ (మిక్సర్లోంచి వేరే మిక్స్ పంపే దారి) ఇవ్వండి. దాన్ని ప్రీ-ఫేడర్‌లో, అంటే పందిటి వాల్యూమ్ మీటతో సంబంధం లేకుండా పెట్టండి, లేకపోతే పందిట్లో గొంతు తగ్గించిన ప్రతిసారీ టీవీలోనూ తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మిక్స్ వినడానికి ఒక మనిషి. పందిట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బాక్సుల మోతే వినిపిస్తుంది కనుక అతన్ని పక్కన గదిలోనో, కారులో అద్దాలెత్తేసో కూర్చోబెట్టండి. చివరగా మామూలు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినమనండి. ఫోన్లో బేస్ పలకదు, బేస్ మీద ఆధారపడ్డ మిక్స్ అక్కడ బోసిపోతుంది. చప్పట్ల కోసం స్టేజీ అంచున జనం వైపు తిప్పి రెండు మైకులు పెట్టండి. పాట జరుగుతున్నంతసేపూ వాటిని బాగా దించి, అయిపోగానే ఎత్తాలి. పాట మధ్యలో ఎత్తితే ఊరి చివర బావిలో పాడినట్టుంటుంది.

మైకు కుయ్యిమంటోంది

ఇది అందరికీ తెలిసిన జబ్బే. మైకులోకి వెళ్లిన శబ్దం బాక్సులోంచి వచ్చి మళ్లీ మైకులోకే దూరుతోంది. ఆపరేటర్లు వెంటనే ఈక్వలైజర్ (శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీని ఎంత ఉంచాలో మార్చేది) మీద పడతారు. ముందు చూడాల్సినవి వేరే. తెరిచి ఉన్న మైకులు ఎన్ని? యాంకర్‌ది, జడ్జీలవి, వచ్చే గాయకుడిది అన్నీ తెరిచే ఉంటాయి. పాడే మైకు తప్ప మిగతావన్నీ మ్యూట్ చెయ్యండి. మెయిన్ బాక్సులు మైకుల కన్నా ముందుకు, జనం వైపు ఉన్నాయా? టీవీ ఫ్రేములో బాగుంటుందని బాక్సుల్ని వెనక్కి జరిపించే కెమెరామెన్‌లు ఉన్నారు, ఆ మాట వినకండి.

తరవాత పట్టు. మైకు తలని గుప్పిట్లో మూసి పాడటం ఈ మధ్య కుర్రాళ్లకి ఫ్యాషన్. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేసేలా తయారైన మైకు, అలా మూస్తే అన్నివైపుల నుంచీ లాగుతుంది. రిహార్సల్‌లోనే చెప్పాలి, స్టేజీ మీద చెప్తే చిన్నబుచ్చుకుంటారు. గాయకుడికి వినిపించడానికి స్టేజీ మీద పెట్టే మోనిటర్ బాక్సు ఎక్కడ ఉండాలన్నది మైకు రకాన్ని బట్టి ఉంటుంది. మామూలు కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా పట్టేది) అయితే సరిగ్గా మైకు తోక వైపు, సూపర్ కార్డియాయిడ్ (ఇంకా ఇరుకుగా పట్టేది) అయితే కొంచెం పక్కకి. ఇవన్నీ చేశాక కూడా కూత వస్తే అప్పుడు ఈక్వలైజర్‌లో ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని సన్నగా కోయండి.

గాయకుడు ట్రాక్‌కి వెనకబడుతున్నాడు

ట్రాక్ అంటే ముందే రికార్డు చేసిన వాద్యాల సంగీతం. దానికి వెనకబడితే జడ్జీలు తాళం రాదంటారు. చాలాసార్లు పిల్లాడి తప్పు ఉండదు. శబ్దం సెకనుకి దాదాపు 345 మీటర్లు వెళ్తుంది. పందిరి చివరి గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే, దానికి తగిలి తిరిగొచ్చే సరికి సెకనులో పదో వంతు పడుతుంది. స్టేజీ మీద మోనిటర్ లేకపోతే పిల్లాడు ఆ తిరిగొచ్చిన శబ్దాన్ని పట్టుకుని పాడతాడు. చురుకైన పాటలో అంత ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది. ఎదురుగా ఒక మోనిటర్ పెట్టి ట్రాక్, అతని గొంతు రెండూ అందులో ఇవ్వండి. చెవిలో పెట్టుకునేది ఉంటే ఇంకా మంచిది, పాట ఎత్తుకునే ముందు ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే లెక్క అందులోనే వినిపించొచ్చు, జనానికి తెలియదు.

ట్రాక్‌ని బ్లూటూత్ మీద ఇవ్వకండి. ఆలస్యం ఒక ఎత్తు, పాట మధ్యలో మేనమామ ఫోన్ చెయ్యడం ఇంకో ఎత్తు. లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, వైరు. రెండో లాప్‌టాప్‌లో అదే వరసలో అవే ట్రాకులు.

ఇంకో వింత జబ్బు ఉంది. ఇంట్లో సాధన చేసిన ట్రాకే, స్టేజీ మీద శృతి పెరిగి, వేగం పెరిగి మోగుతుంది, గాయని పైస్థాయి అందుకోలేక తడబడుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకి శబ్దాన్ని 44,100 సార్లు కొలిచి) చేసిన ఫైలుని 48 కిలోహెర్ట్జ్ అనుకుని వాయిస్తే దాదాపు 9 శాతం వేగం, ఒకటిన్నర స్వరస్థానాల శృతి పెరుగుతాయి. ఫైళ్లన్నిటినీ ముందే 48కి మార్చి, ప్రతి ట్రాకునీ పోటీ నడిచే లాప్‌టాప్ మీదే ఒకసారి గాయకుడికి వినిపించండి.

లైవ్ ఆర్కెస్ట్రా పెట్టాలా అని కమిటీల్లో ఏటా గొడవే. నా మాట ఏమిటంటే, పోటీదారులు పదిహేను మంది దాటితే వద్దు. యూరోవిజన్ కూడా 1998 తరవాత ఆర్కెస్ట్రాని వదిలేసింది. అక్కడ వాద్యాలన్నీ ట్రాక్‌లోనే, ప్రధాన గొంతు మాత్రం లైవ్‌లోనే ఉండాలి. 2021 నుంచి వెనక గొంతులు కూడా ట్రాక్‌లో ఉండొచ్చన్నారు.

పెదాలు ఒకటి, మాట ఇంకొకటి

కారణం: వైరులో శబ్దం తక్షణం వస్తుంది, బొమ్మ మాత్రం కెమెరా, కెమెరాల్ని మార్చే స్విచర్, బొమ్మని ప్రసారానికి కుదించే ఎన్‌కోడర్ దాటి రావాలి. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, మూడు ఫ్రేములు ఆలస్యమైతే కంటికి పట్టుబడుతుంది. యూరప్ ప్రసార సంస్థల సంఘం పెట్టుకున్న హద్దు, శబ్దం బొమ్మకన్నా 40 మిల్లీసెకన్లకి మించి ముందు రాకూడదు, 60కి మించి వెనకబడకూడదు.

మందు: మెయిన్ కెమెరా ముందు ఒకరు చేతులు చరచాలి. లైవ్ అవుట్‌పుట్‌ని రికార్డు చేసి, చేతులు కలిసిన ఫ్రేముకీ చప్పుడుకీ తేడా లెక్కపెట్టి, అంత డిలే ఆడియోకి ఇవ్వండి. పందిట్లోకి వెళ్లే ఆడియోకి కాదు, లైవ్‌కి వెళ్లేదానికి మాత్రమే.

కార్డ్‌లెస్ మైకు మధ్యలో చచ్చిపోతోంది

బ్యాటరీ అనుకుంటారు. కొన్నిసార్లు అదే. ఎక్కువసార్లు రిసీవర్లు ఎల్‌ఈడీ వాల్ వెనక, దాని ప్రాసెసర్ పక్కనే పెట్టి ఉంటాయి. వాల్ బోలెడు రేడియో రొద చేస్తుంది. సాయంత్రం వాల్ ఆపి ఉన్నప్పుడు టెస్ట్ చేస్తే అంతా బాగుంటుంది, రాత్రి ఎనిమిదికి వాల్ వెలగ్గానే మైకు చస్తుంది. రిసీవర్లని స్టేజీ పక్కన, గాయకుడు నేరుగా కనిపించే చోటికి తెచ్చి, వాల్ వెలిగించి ఉండగా ఫ్రీక్వెన్సీలు స్కాన్ చెయ్యండి. స్టేజీ పక్కన ఒక వైరు మైకు ఆన్ చేసి పట్టుకుని ఒక కుర్రాడు నిలబడాలి. అతనికి అదొక్కటే పని.

గుయ్యిమని సన్నగా రొద

50 హెర్ట్జ్ హమ్. మిక్సర్‌కి ఒక లైను, కేబుల్ వాళ్ల యూనిట్‌కి వేరే లైను నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్తుల మధ్య తేడా ఆడియో వైరులోకి దిగుతుంది. ఆ ఆడియో వైరు మధ్యలో, శబ్దాన్ని పోనిచ్చి ఎర్తుల్ని విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. రొద పోతుంది కదా అని ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేసేవాణ్ణి స్టేజీ దరిదాపులకి రానివ్వకండి, మైకు పట్టుకున్న పిల్లకి షాక్ కొడుతుంది. జనరేటర్ న్యూట్రల్ వదులైతే మూడు ఫేజుల వోల్టేజీ గతి తప్పి పరికరాలన్నీ కాలిపోతాయి. ఆ బిగింపు చూడాల్సింది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్.

వెనక వాల్ ధగధగ, ముందు మొహం నల్లగా

కెమెరా ఆటోలో ఉంది. వెనకున్న వెలుతురుని చూసి అది కన్ను చికిలించింది, మొహం చీకట్లో పడింది. రాత్రిపూట వాల్ వెలుగు పావు వంతుకి దించినా పందిట్లోవాళ్లకి బాగానే కనబడుతుంది, ఓనరు మాత్రం ఒప్పుకోడు, అద్దె తగ్గిస్తారేమోనని భయం. దించమనండి. గాయకుడి మొహం మీదికి ముందు నుంచి, కొంచెం ఎత్తులోంచి తెల్లటి లైటు ఒకటి కదలకుండా ఉండాలి. రంగులన్నీ వెనక తిరగనివ్వండి. నీలం లైటు నేరుగా మొహం మీద పడితే కెమెరాలో కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో పెట్టి అన్ని కెమెరాలకీ ఒకటే చెయ్యండి.

వాల్ మీద గీతలు పాకుతుంటే షట్టర్ 1/50కి మార్చి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల మిణుకు కూడా ఆ దెబ్బకి ఆగుతుంది. అయినా గీతలుంటే వాల్ రిఫ్రెష్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని కొత్తగా వేస్తుందో) తక్కువది, సెట్టింగులో పెంచగలరేమో ఆపరేటర్‌ని అడగాలి. అలలు అలలుగా చారలు కనిపిస్తే అది వేరే జబ్బు, వాల్ చుక్కలూ కెమెరా సెన్సర్ చుక్కలూ పోట్లాడుకుంటున్నాయి. గాయకుణ్ణి వాల్ నుంచి నాలుగైదు అడుగులు ముందుకి తెచ్చి, వాల్‌ని ఫోకస్ తప్పించండి.

అసలు వాల్ ఎందుకని అడిగినా తప్పులేదు. 2018లో లిస్బన్‌లో ఎల్‌ఈడీ తెరలు లేకుండానే యూరోవిజన్ స్టేజీ కట్టారు. తిరిగే స్టేజీ, కదిలే తోరణం అంటూ కమిటీవాళ్లు ఉబలాటపడితే 2022 తురిన్ సంగతి చెప్పండి. కదలాల్సిన సూర్యుడి తోరణాలు అనుకున్నట్టు కదల్లేదు, వాటిని నమ్ముకుని ప్రదర్శన తీర్చిదిద్దుకున్న దేశాలు ఆఖరి క్షణంలో మార్చుకోవాల్సి వచ్చింది. కదిలేది ఏది పెట్టినా, అది నిలిచిపోయినా బాగుండేలా పెట్టాలి.

పాటకీ పాటకీ మధ్య ఐదు నిమిషాలు

ఫోన్లో చూసేవాడు ఐదు నిమిషాలు ఆగడు, వేలితో పైకి తోసేస్తాడు. యూరోవిజన్‌లో పాట మూడు నిమిషాలకి మించకూడదు, స్టేజీ మీద ఆరుగురికి మించి ఉండకూడదు. మధ్యలో తదుపరి గాయకుడి గురించి ముక్కాలు నిమిషం లోపు వీడియో వేస్తారు, ఆ చీకట్లో సామాన్లు మారిపోతాయి. మనమూ ప్రతి పోటీదారు ఇంటి దగ్గరో, మజ్జిగౌరమ్మ గుడి దగ్గరో, మహేంద్రతనయ ఒడ్డునో ఫోన్‌తో అలాంటి ముక్క ముందే తీసి పెట్టుకోవచ్చు. నేల మీద గాయకుడికో రంగు టేపు, డాన్సర్లకి వేరే రంగు. ఎవరు ఏ సామాను మోస్తారో కాగితం మీద రాసి ఉండాలి. యాంకర్ తెలుగులో చెప్పిందే ఒడియాలో మళ్లీ చెప్పేటప్పుడు సమయం రెట్టింపవుతుంది, రెండో భాషని తెర మీద అక్షరాల్లో వేస్తే సరి.

గాలి లేచింది

2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర అక్టోబరు 12న తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో విశాఖ దగ్గర అదే తేదీన, తిత్లీ 2018లో పలాస దగ్గర అక్టోబరు 11న. మన పోటీల కాలమూ అదే. ఎల్‌ఈడీ వాల్, వెనక ఫ్లెక్సీ గాలికి తెరచాపలవుతాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే వాల్ ఎత్తనే వద్దు. ఎత్తాక గాలి లేస్తే జనాన్ని ముందు వరసల నుంచి లేపి, వాల్ దించి, తరవాతే మాట్లాడుకోవాలి.

పాట సగంలో మైకు పోయింది, మళ్లీ పాడనివ్వాలా?

అప్పటికప్పుడు తేల్చబోతే స్టేజీ వెనక కొట్లాటే. నియమం ముందే రాసి అందరితో సంతకం పెట్టించండి. లోపం మనవైపు ఉంటే ఆఖర్న మళ్లీ అవకాశం, గాయకుడు మర్చిపోతే లేదు, తేల్చేది ఒక్క మనిషి. 1958 యూరోవిజన్‌లో, నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో ఇటలీ గాయకుడు డొమెనికో మొదూన్యో పాట కొన్ని దేశాలకి సరిగ్గా అందలేదని ఆఖర్న మళ్లీ పాడించారు. ఆయనకి మూడో స్థానం వచ్చింది. 2010 ఓస్లోలో స్పెయిన్ పాట మధ్యలో బయటివాడొకడు స్టేజీ ఎక్కితే, అందరి పాటలూ అయ్యాక మళ్లీ పాడనిచ్చారు. 2018లో బ్రిటన్ గాయని సూరీ చేతిలో మైకు లాక్కున్నారు. ఆమె పాట పూర్తి చేసింది, మళ్లీ పాడతారా అంటే వద్దంది.

ఇద్దరికీ ఒకే మార్కులు

1969 యూరోవిజన్‌లో, మాడ్రిడ్‌లో నాలుగు దేశాలకి సమానంగా పాయింట్లు వచ్చాయి. తేల్చే నియమం లేదు, నలుగురినీ విజేతలుగా ప్రకటించారు. 1991లో స్వీడన్, ఫ్రాన్స్ సమానమైతే పెద్ద పాయింట్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి స్వీడన్‌కి ఇచ్చారు. మీరు ఏ నియమం పెట్టినా సరే, మొదటి పాటకి ముందే చదివి వినిపించాలి.

యూరోవిజన్‌లో ఎవరూ తమ దేశానికి ఓటెయ్యలేరు. మన జడ్జీల్లో సంగీతం మాస్టార్లే ఎక్కువ, తమ శిష్యులు పాడేటప్పుడు వాళ్ల కాగితం ఖాళీగా ఉండాలి, మిగతా జడ్జీల సగటు తీసుకోవాలి. ప్రజల ఓటు వాట్సాప్‌లో పెడితే ఒక్క నంబరుకి ఒక్క ఓటే లెక్కించండి, జడ్జీల మార్కుల్లో కలపకుండా విడిగా ప్రకటించండి. 2016 నుంచి అక్కడా జ్యూరీ పాయింట్లు, ప్రజల పాయింట్లు విడివిడిగానే ప్రకటిస్తున్నారు. లెక్క ఇద్దరు విడివిడిగా వెయ్యాలి. 2019లో టెల్ అవీవ్‌లో బెలారస్ జ్యూరీ బదులు లెక్కగట్టిన పాయింట్లు తప్పుగా పడి, ఫైనల్ అయిపోయాక కొన్ని రోజులకి సవరించాల్సి వచ్చింది. ఇద్దరి కాగితాలూ కలిసేదాకా యాంకర్ చేతికి కవరు ఇవ్వకండి. ఆలస్యమైతే జనం కోసం ఒక ఒడియా పాట, ఒక తెలుగు పాట సిద్ధంగా పెట్టుకోండి.