విశాఖలో కూర్చుని అంగారకుడి అగ్నిపర్వతాన్ని పరిశీలించడం ఎలా?

కైలాసగిరినో యారాడ కొండనో చూపించి ఇది ఒకప్పుడు అగ్నిపర్వతమా అని పిల్లలు అడుగుతుంటారు. కాదు. విశాఖ చుట్టుపక్కల కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి. భూమి లోపల వేడికి, ఒత్తిడికి రూపం మారిపోయిన రాయి అది, లావా గడ్డకట్టి ఏర్పడింది కాదు. కొండ వాలకం చూసి అగ్నిపర్వతం అనేస్తే మన ఊళ్లోనే బోల్తా పడతాం. ఇక వేరే గ్రహం మీద, రాయిని చేత్తో పట్టుకునే అవకాశమే లేనిచోట, ఎత్తు, వేడి, ఖనిజం, వయసు ఒక్కోటీ విడివిడిగా తేల్చుకోవాలి. ఇంటి నుంచే ఆ పని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ తయారుచేసిన గ్రహాల మ్యాప్ సాఫ్ట్‌వేర్ జేమార్స్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. చంద్రుడి కోసమైతే క్విక్‌మ్యాప్ అనే మ్యాప్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇస్రో చంద్రయాన్-2 డేటాను ప్రదాన్ పోర్టల్‌లో పెట్టింది, రిజిస్టర్ చేసుకుని దించుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు అంగారకుడితో మొదలుపెట్టడం మేలు. గాలి పల్చన, డేటా బోలెడు.

ముందు నీడ, తర్వాతే పేరు

ఫొటో తెరవగానే సూర్యుడు ఎటువైపు ఉన్నాడో చూడండి. ఆ వివరం ఫొటోతోపాటే ఇస్తారు. అది చూడకపోతే గుంట దిబ్బలా, దిబ్బ గుంటలా కనబడుతుంది. అనుమానముంటే బొమ్మను తలకిందులుగా తిప్పండి. అప్పటిదాకా గుంటలా ఉన్నది ఒక్కసారిగా పైకి ఉబికినట్టు అనిపిస్తే, మీ కన్ను వెలుతురు దిశను తప్పుగా ఊహించుకుంటోందని అర్థం. ఏది నిజమో ఎత్తుల డేటాయే తేల్చాలి.

ఎత్తు, వాలు లెక్కేయడం

1997లో అంగారకుడి కక్ష్యలోకి చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్‌లో మోలా అనే లేజర్ పరికరం ఉండేది. కాంతిని కిందికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం కొలిచేది. జేమార్స్‌లో ఆ ఎత్తుల పొరను తెరిచి, అంగారకుడి మీది భారీ అగ్నిపర్వతం ఒలింపస్ మాన్స్ మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక గీత గీయండి. అడ్డకోత, అంటే కొండను నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టు ఎత్తుపల్లాల గీత వస్తుంది.

ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు, అడుగున వెడల్పు సుమారు 600. విశాఖ నుంచి హైదరాబాద్‌కు రాత్రంతా బస్సులో వెళ్లేంత దూరం! మధ్య నుంచి అంచుకు 300 కిలోమీటర్లు కాబట్టి 22ను 300తో భాగిస్తే 0.073 వస్తుంది, అంటే సగటున నాలుగు డిగ్రీల పైచిలుకు వాలు. ఇంత ఎత్తైన కొండను నడిచి ఎక్కేవాడికి ఎక్కుతున్నట్టే అనిపించదు. కానీ సగటును పూర్తిగా నమ్మకండి. అడ్డకోతలో అంచుల దగ్గర చూస్తే, కొన్నిచోట్ల కిలోమీటర్ల ఎత్తున గోడలా దిగిపోయే కొండచరియలు కనబడతాయి.

వాలు తక్కువంటే లావా పల్చగా, దూరం పారిందని అర్థం. హవాయి అగ్నిపర్వతాలదీ ఇదే తీరు. అయితే హవాయిలో భూఫలకం జరిగిపోతూ ఉంటుంది కాబట్టి ఒక దీవి తర్వాత మరోటి పుట్టింది. అంగారకుడికి అలా కదిలే ఫలకాలు లేవు, లావా ఒక్కచోటే పోగుపడింది.

రాయి ఏమిటో తెలుసుకోవడం

ఇక్కడ చాలామంది ఒలింపస్ మాన్స్ మీదే ఖనిజాలు వెతుకుతారు. దండగ. ఆ ప్రాంతమంతా సన్నటి దుమ్ము కప్పేసి ఉంటుంది, పరికరానికి కనబడేది దుమ్మే. మార్స్ ఒడిస్సీ నౌకలోని థెమిస్ అనే కెమెరా రాత్రి తీసిన ఉష్ణ చిత్రాలు చూస్తే ఇది తెలిసిపోతుంది. దుమ్ము పొద్దు గుంకగానే చల్లారిపోతుంది, గట్టి రాయి పగటి వేడిని రాత్రికి కూడా పట్టి ఉంచుతుంది.

అందుకే అంగారకుడి మీదే ఉన్న సిర్టిస్ మేజర్ అనే ప్రాంతానికి వెళ్లండి. 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ టెలిస్కోప్‌లో చూసి బొమ్మ గీసిన నల్ల మచ్చ అదే. దుమ్ము తక్కువ, అడుగున బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి. నేల ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతిని తిప్పి పంపుతోందో చూపే గీత వర్ణపటం. అందులో 1, 2 మైక్రాన్ల దగ్గర రెండు పల్లాలు కనిపిస్తే అక్కడ బసాల్ట్‌లో ఉండే పైరాక్సీన్ అనే ఖనిజం ఉన్నట్టు.

కంప్యూటర్‌లో చూసి సరిపెట్టుకోకుండా బసాల్ట్‌ను ఒకసారి చేత్తో పట్టుకోండి. విశాఖలో దొరకదు గానీ, రాజమండ్రి దగ్గర కాతేరు, గోదావరి అవతల గౌరీపట్నం వైపు దొరుకుతుంది. దక్కన్ లావాలతో పాటు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా అది. క్వారీ వాళ్లను అడిగి లోపలికి వెళ్లి, కొత్తగా పగిలిన ముక్కను, ఏళ్లుగా ఎండకు ఎండి వానకు నానిన ముక్కను పక్కపక్కన పెట్టి చూడండి. లోపల నల్లగా ఉన్న రాయి పైన గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఉపగ్రహం చూసేది ఆ పై పొరనే.

వయసు

ఉల్కలు పడి ఏర్పడిన గుంటలను లెక్కపెట్టాలి. గుంటలు ఎక్కువుంటే పాత నేల, తక్కువుంటే కొత్త నేల. అపోలో యాత్రికులు తెచ్చిన చంద్రశిలల వయసుతో ఈ లెక్కను సరిచూసుకుంటారు. ఓపిక కావాల్సిన పని, అంతే.

శుక్రుడి జోలికి చివర్లో వెళ్లండి

అక్కడ దట్టమైన మేఘాలు, మామూలు కెమెరాకు నేల కనబడదు. తుఫాను అనగానే మనం ఫోన్‌లో తెరిచే కైలాసగిరి రాడార్ వాన చినుకులను పట్టుకుంటుంది. 1990లో శుక్రుణ్ణి చేరిన మెగలాన్ నౌకలోని రాడార్‌దీ ఇంచుమించు అదే కోవ తరంగమే, కానీ శుక్రుడి మేఘాల్లోని ఆమ్ల తుంపర మరీ సన్నం కాబట్టి తరంగం దాన్ని దాటి నేలను తాకుతుంది. ఆ చిత్రాల్లో తెల్లగా మెరిసేది వెలుతురు కాదు. గరుకు నేల, లేదా రాడార్ వైపు తిరిగిన వాలు.

2023లో శాస్త్రవేత్తలు రాబర్ట్ హెరిక్, స్కాట్ హెన్స్లీ ఈ పాత చిత్రాలనే తవ్వి, శుక్రుడి మీది అగ్నిపర్వతం మాట్ మాన్స్ దగ్గర ఒక బిలం 1991 ఫిబ్రవరి నుంచి అక్టోబరు మధ్య 2.2 చదరపు కిలోమీటర్ల నుంచి దాదాపు రెట్టింపైందని చూపించారు. నౌక రెండుసార్లూ ఒకే కోణంలో చూడలేదు. ఆకారం మారినట్టు కనబడింది కోణం వల్లేనా అని కంప్యూటర్ నమూనాలతో పరీక్షించాకే ఆ మాట ప్రకటించారు. మీరు కూడా రెండు చిత్రాలను పోల్చేటప్పుడు తేదీ, చూపు కోణం, ఒక పిక్సెల్ ఎన్ని మీటర్లో ముందు నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే తేడాలు వెతకండి.