ఇంట్లో చేసుకున్న బూస్ట్ గేజ్ తేడా కొడుతోందా? సమస్య - పరిష్కారం

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఆర్డుయినో నానో (మనం కోడ్ రాసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు), చిన్న ఓలెడ్ డిస్‌ప్లే, బక్ కన్వర్టర్ బోర్డు (బండి వోల్టేజ్‌ని తగ్గించి ఇచ్చేది) కొనుక్కుని ఎంపీఎక్స్ 4250 ప్రెషర్ సెన్సార్ కలిపితే టర్బో బండికి చక్కటి బూస్ట్ గేజ్, అంటే టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని చూపే మీటర్, తయారవుతుంది. ఏదైనా తేడా రాగానే చాలామంది "సెన్సార్ పోయింది" అని ఇంకోటి కొనేస్తారు. నేను చూసినంతలో సెన్సార్ పోవడం అరుదు. తప్పు ఎక్కువగా ఎర్త్‌లోనో, సప్లైలోనో, పైపులోనో ఉంటుంది. అందుకే ఏదీ మార్చకముందు మల్టీమీటర్ చేతిలోకి తీసుకోండి.

ఇంజన్ ఆపి ఉన్నా మైనస్ 0.06 బార్ చూపిస్తోంది

కారణం మన ఊరి ఎత్తు. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గరే ఉంటుంది. కోడ్‌లో 101ని సున్నాగా రాసుకుంటే ఆ ఆరు కిలోపాస్కల్స్ తేడా మైనస్‌గా కనిపిస్తుంది.

సెన్సార్ మీద అనుమానం ఉంటే పైపు ఊడదీసి గాలికి వదిలేసి కొలవండి. 5 వోల్టుల సప్లై ఉన్నప్పుడు సిగ్నల్ తీగ మీద 1.7 వోల్టులకు కాస్త అటూ ఇటూగా రావాలి. నానో అనలాగ్ రీడింగ్‌లో అది 348 దగ్గర. వచ్చిందంటే సెన్సార్ బాగున్నట్టే.

అలాగని కోడ్‌లో 95 అని రాసి పెట్టకండి. విజయవాడ దిగేసరికి ఇంజన్ ఆపి ఉన్నా ప్లస్ చూపిస్తుంది. తాళం తిప్పగానే, స్టార్ట్ చేయకముందు వచ్చిన రీడింగ్‌నే ఆ రోజుకి సున్నాగా తీసుకునేలా రాయండి.

ఐడిల్‌లో సున్నా, ఇంజన్ ఆపాక ప్లస్ 0.6

పై మార్పు చేసిన పెట్రోల్ బండ్లలో ఇది వస్తుంది, మొదటిసారి చూస్తే బుర్ర తిరుగుతుంది. సిగరెట్ లైటర్ ఫ్యూజ్ నుంచి కరెంటు తీసుకుని ఉంటారు. చాలా బండ్లలో స్టార్టర్ తిరిగేటప్పుడు ఆ లైన్ కట్ అవుతుంది. నానో ఆరిపోయి, ఇంజన్ నడుస్తుండగా మళ్లీ లేస్తుంది. అప్పటికి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) వాక్యూమ్ ఉంటుంది, 35 కిలోపాస్కల్స్ దగ్గర. దాన్నే సున్నా అనుకుంటుంది.

స్టార్టర్ తిరుగుతున్నా ఆరిపోని ఇగ్నిషన్ ఫ్యూజ్‌కి మారండి. కోడ్‌లో కూడా ఒక కాపలా పెట్టండి: లేచినప్పుడు రీడింగ్ 88కీ 104కీ మధ్య లేకపోతే ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) దాచిన పాత సున్నానే వాడాలి.

హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే అంకె మారుతోంది

సెన్సార్ ఎర్త్ ఇంజన్ బాడీకి, నానో ఎర్త్ డాష్‌బోర్డ్ కింద ఇనుముకి బిగించారా? ఈ సెన్సార్‌లో ఒక కిలోపాస్కల్ అంటే 20 మిల్లీవోల్టులే. రెండు ఎర్త్‌ల మధ్య 80 మిల్లీవోల్టుల తేడా ఉంటే 0.04 బార్ తప్పు వచ్చేసినట్టే. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, సెన్సార్ ఎర్త్ పిన్నుకీ నానో ఎర్త్ పిన్నుకీ మధ్య కొలిచి చూడండి.

సెన్సార్ నుంచి మూడు తీగలూ నేరుగా నానో దాకా లాగాలి. బాడీ ఎర్త్ ఒక్కచోటే, సప్లై దగ్గరే ఉండాలి. సెన్సార్ 5 వోల్టులు కూడా నానో 5 వోల్ట్ పిన్ను నుంచే ఇవ్వండి. అప్పుడు సప్లై కాస్త ఊగినా లెక్క చెడదు. ఇంకా వణుకు మిగిలితే సిగ్నల్ తీగలో ఒక కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత నానో వైపున సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.33 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, పదహారు రీడింగ్‌ల సగటు తీసుకోండి.

మే నెల మధ్యాహ్నం డిస్‌ప్లే ఆరి ఆరి వెలుగుతోంది

బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ 14 వోల్టుల పైనే ఇస్తుంది. దాన్ని నేరుగా నానో విన్ పిన్నుకి (బయటి సప్లై ఇచ్చే పిన్నుకి) ఇస్తే, మిగులు వోల్టేజ్ అంతా బోర్డు మీది చిన్న రెగ్యులేటర్ వేడి రూపంలో మోయాలి. ఎండలో ఆపిన బండి డాష్‌బోర్డ్ ముందే కాలిపోతుంటుంది. బక్ కన్వర్టర్‌ని 5 వోల్టులకు సెట్ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే నానో 5 వోల్ట్ పిన్నుకి కలపండి. కన్వర్టర్ ముందు ఒక ఆంపియర్ ఫ్యూజ్ తప్పనిసరి.

పొద్దున్నే బ్యాటరీ డౌన్

ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్ నుంచి తీశారు, లేదా ఓబీడీ డాంగిల్ (బండి డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టేది) వదిలేశారు. మీటర్‌ని సిరీస్‌లో పెట్టి, బండి నిద్రపోయాక చూస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి.

గేజ్ పెట్టిన తర్వాత పికప్ పోయింది, చెక్ ఇంజన్ లైట్ వెలిగింది

దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. స్కానర్‌తో ఎర్రర్ కోడ్ చదివించండి. పీ0299 వస్తే బూస్ట్ చాలట్లేదని. గేజ్ సెన్సార్ కోసం మీరు పెట్టిన టీ జాయింట్ దగ్గర గాలి లీకవుతూ ఉండొచ్చు. సబ్బు నీళ్లు పూసి చూస్తానంటే ఐడిల్‌లో బుడగ రాదు, అక్కడ బూస్ట్ ఉండదు కదా. పైపు ఊడదీసి, చివర వేలితో మూసి, సైకిల్ పంపుతో కొద్దిగా గాలి కొట్టి అప్పుడు పూయండి.

పీ0234 వస్తే బూస్ట్ మితిమీరిందని. వేస్ట్‌గేట్‌కి (టర్బో ఒత్తిడిని అదుపు చేసే వాల్వ్‌కి) వెళ్లే సన్న పైపుకి టీ పెట్టి ఉంటే అది అక్కడి లీకే. వేస్ట్‌గేట్‌కి చేరే ఒత్తిడి తగ్గి, అది ఆలస్యంగా తెరుచుకుంటుంది. టర్బో అదుపు తప్పి గాలి తోస్తుంది. ఆ పైపుని ఎప్పుడూ ముట్టుకోకండి. మానిఫోల్డ్ నుంచి వచ్చే వేరే పైపు వెతుక్కోండి, రెండు వైపులా క్లిప్పులు బిగించండి.

లోడ్ మీద టకటక శబ్దం

"పవర్ చిప్" పేరుతో అమ్మే చవక రెసిస్టర్ ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సార్ తీగలో పెట్టారేమో చూడండి. ఆ సెన్సార్ చల్లబడేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. అదనపు రెసిస్టర్ వల్ల ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) గాలి చల్లగా ఉందనుకుని స్పార్క్ టైమింగ్ ముందుకు జరుపుతుంది. నిజంగా లోపలికి వెళ్లేది మాత్రం మన ఎండాకాలపు వేడిగాలి. బూస్ట్‌లో ఇలా నాకింగ్ (ఆ టకటక శబ్దం) జరిగితే పిస్టన్లు పగులుతాయి. గేజ్ బండిని చూస్తుంది, ఈ రెసిస్టర్ బండికి అబద్ధం చెబుతుంది. దీన్ని ఏ బండికీ పెట్టవద్దని నా విన్నపం. తీసేసి అసలు కనెక్టర్ బిగించండి.

సెకండ్ హ్యాండ్ బండి అయితే రాత్రంతా ఆగిన ఇంజన్‌ని పొద్దున స్టార్ట్ చేయకముందు ఓబీడీ యాప్‌లో చూడండి. ఇన్‌టేక్ అంకె, కూలెంట్ అంకె కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. ఇన్‌టేక్ మరీ తక్కువ చూపిస్తే ఆ తీగని సెన్సార్ నుంచి చివరిదాకా తడుముతూ వెళ్లండి, టేపు చుట్టిన చోట రెసిస్టర్ దొరకవచ్చు.