విజయవాడకు తిరిగి వచ్చిన వికలాంగులకు: రోజూ వచ్చే మనిషి రాని పూట కోసం ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు

అమెరికా నుంచో, బ్రిటన్ నుంచో, గల్ఫ్ నుంచో వచ్చి విజయవాడలో గాని గుంటూరులో గాని స్థిరపడదామనుకునే వికలాంగులు ర్యాంపు, లిఫ్టు, వెడల్పాటి బాత్రూం తలుపు గురించి నెలల ముందే ఆలోచించుకుంటారు. పొద్దున్నే మంచం మీద నుంచి లేపి, స్నానం చేయించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టే మనిషిని కూడా బంధువుల ద్వారా మాట్లాడి పెట్టుకుంటారు. ఆ మనిషికి జ్వరం వస్తే ఎవరు వస్తారని అడిగితే మాత్రం, ఎవరో ఒకరు దొరక్కపోతారా అంటారు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, కొన్నేళ్లు బ్రిటన్‌లో ఉండి, ఇప్పుడు పటమటలో ఉంటున్న నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది ఇది: మిమ్మల్ని ఇంతకుముందే తన చేతులతో లేపి కూర్చోబెట్టిన మనిషినే బదులు మనిషిగా లెక్కపెట్టుకోండి. ఫోన్‌లో నంబరు ఉన్నంత మాత్రాన లెక్కలోకి తీసుకోవద్దు.

అక్కడి పద్ధతికి అలవాటుపడినవారికి ఇక్కడ మొదట దిక్కుతోచదు. ఇంగ్లండ్‌లో 2014 నాటి కేర్ యాక్ట్ ప్రకారం స్థానిక కౌన్సిల్ మీ అవసరాలను అంచనా వేస్తుంది; అర్హత ఉంటే ఆ డబ్బును మీ చేతికే ఇచ్చి, మీ సహాయకుణ్ని మీరే నియమించుకునే వీలు కల్పిస్తుంది. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇంట్లో సహాయకుల జీతం ప్రభుత్వ పథకం నుంచే వెళుతుంది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఎక్కువ సహాయం అవసరమైనవారు దరఖాస్తు చేసుకోవడానికి 38వ సెక్షన్ ఉంది, సంరక్షకుల భత్యం ప్రస్తావన 24వ సెక్షన్‌లో ఉంది. అయినా రేపు పొద్దున ఆరింటికి మీ గుమ్మంలోకి మనిషిని పంపే బాధ్యతను ఇక్కడ ఏ కార్యాలయమూ తీసుకోదు. ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ఇంట్లో అమ్మ ఉంది, అత్తయ్య ఉంది, వాళ్లు చూసుకుంటారులే అనుకోవద్దని గట్టిగా చెబుతాను. మీరు విదేశంలో ఉన్న ఏళ్లలో వాళ్ల వయసూ పెరిగింది. అరవై దాటిన తల్లి పెద్దవాడైన కొడుకును ఒంటరిగా ఎత్తబోయి నడుము పట్టేసిందంటే, ఆ ఇంట్లో సహాయం కావలసినవాళ్లు ఇద్దరవుతారు. పరాయి మనిషిని పెడతానంటే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకోవచ్చు. అమ్మా, నువ్వు పక్కన ఉండి ఎలా చేయాలో చెప్పు, బరువు మాత్రం వాళ్లను మోయనీ అని అడగండి. చాలా ఇళ్లలో ఈ మాట పనిచేస్తుంది.

ఏ రోజుల్లో మనిషి రాకపోవచ్చో ఈ ప్రాంతంలో చాలావరకు ముందే తెలుస్తుంది. సంక్రాంతికి ఊరు వెళ్లినవాళ్లు కనుమ మర్నాడే వస్తారనుకోవడం అత్యాశే. పల్నాడు, గుంటూరు పల్లెల నుంచి వచ్చిన ఆయాలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతల రోజుల్లో ఇంటికి వెళతామంటారు, ఎందుకంటే కోత కూలి ఆ కుటుంబానికి ఏడాదిలో పెద్ద ఆదాయం. క్రిస్మస్‌కూ, ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకూ సెలవు అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. దసరా నవరాత్రుల్లో వన్‌టౌన్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ట్రాఫిక్ మళ్లింపుల వల్ల ఆలస్యమవుతుంది. ఇవి కాక మాఘంలోనూ శ్రావణంలోనూ పెళ్లిళ్లు ఉండనే ఉంటాయి. కొత్త క్యాలెండర్ గోడకు తగిలించిన రోజే మీ సహాయకురాలితో కూర్చుని ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి. సెలవు ఇవ్వనని బిగబట్టుకుంటే ఆమె చెప్పకుండా మానేస్తుంది, అప్పుడు ఇబ్బంది రెట్టింపు.

ముందుగా తెలియని రోజులూ ఉంటాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు, అక్కడి నుంచి పటమట, మొగల్రాజపురం ఇళ్లకు పనికి వచ్చే ఆడవాళ్లు రోజుల తరబడి డాబాల మీదే ఉండిపోయారు. మా ఇంటికి వచ్చే అక్క ఫోన్‌లో చార్జింగ్ కూడా లేదు. ఆ వారం మా ఇంట్లో పనులు ఆగకపోవడానికి కారణం, బదులు వచ్చే అమ్మాయి ఇల్లు కానూరులో ఉండటమే. అప్పటి నుంచి నేను అందరికీ చెబుతున్నాను: మీ ఇద్దరు మనుషులూ ఒకే పేటవాళ్లు కాకుండా చూసుకోండి. ఒకరు అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటే రెండోవారు పెనమలూరు వైపో, కృష్ణ అవతల తాడేపల్లిలోనో ఉండాలి. ఇద్దరూ అక్కాచెల్లెళ్లయితే నమ్మకంగా ఉంటారు నిజమే, కానీ ఒకే పెళ్లికి ఇద్దరూ వెళ్లిపోతారు.

మనుషులు దొరికే చోటు విషయానికి వస్తే, విజయవాడలో సూర్యారావుపేట, గవర్నరుపేట ఆసుపత్రుల చుట్టూ, గుంటూరులో కొత్తపేట చుట్టూ విచారిస్తే హోమ్ నర్సింగ్ ఏజెన్సీలు తెలుస్తాయి. మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో వేరొకరిని పంపుతారు, పంపేవాళ్లు మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం చేసినవాళ్లేనా, అడ్వాన్స్‌లో ఎంత తిరిగి వస్తుంది అనే మూడు విషయాలూ కాగితం మీద రాయించుకోండి. ఒక ఏజెన్సీ మాకు అనుభవం ఉన్న మనిషి అని పంపిన కుర్రవాడు అంతకుముందు చక్రాల కుర్చీ బ్రేకు కూడా వేసి ఎరగడు. తప్పు అతనిది కాదు, పంపినవాళ్లది. నా దృష్టిలో ఏజెన్సీ కన్నా ఫిజియోథెరపిస్టు మాట నమ్మదగింది, ఎవరి చేయి నెమ్మదైనదో ఆయన కళ్లారా చూసి ఉంటాడు. ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే ఆయాలు, వార్డు బాయ్‌లు పగటి పూట కొన్ని గంటలు రాగలరు కాబట్టి వాళ్లనూ అడగండి. మంగళగిరి ఎయిమ్స్‌లో పునరావాస వైద్య విభాగానికి వెళ్లినప్పుడు, బయట కూర్చున్న కుటుంబాలతో మాటలు కలపండి. వాళ్ల దగ్గర మానేసిన మనిషి మీకు సరిపోవచ్చు.

మనిషి దొరికాక వారానికి ఒక పూట ఆ మనిషి చేతే పని చేయించుకోండి. ప్రధాన సహాయకురాలికి వారపు సెలవు ఇచ్చి, ఆ రోజును బదులు మనిషికి కేటాయిస్తే మూడు మేళ్లు జరుగుతాయి: ఒకరికి విశ్రాంతి, మరొకరికి అలవాటు, మీకు ధైర్యం. పిలిచినప్పుడు వెంటనే రావాలని కోరుకుంటే, పిలవని నెలలో కూడా ఆ వారపు పూటల డబ్బు ఆమె చేతికి అందాలి. దండగ ఖర్చు అనిపించే ఈ డబ్బే ఆమెను మరో ఇంటికి పూర్తిగా వెళ్లిపోకుండా ఆపుతుంది.

మొదటి రెండు మూడు పూటలు పాత మనిషి, కొత్త మనిషి ఇద్దరూ ఉండాలి. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా ఆనించి, రెండు బ్రేకులూ వేసి, మంచం వైపు చేయి ఆనించుకునే పట్టీ తీసి, పాదాల పలకలు పక్కకు తిప్పాక, ఒకటి రెండు మూడు అని మీరు లెక్కపెడితేనే ఎత్తాలి. లెక్క ఎప్పుడూ మీ నోటి నుంచే రావాలి. చంకల కింద చేతులు పెట్టి లాగడం చాలామందికి అలవాటు, భుజాలు జారే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని మొదటి రోజే మాన్పించండి. ఇదంతా ఇంట్లోవాళ్ల చేత ఫోన్‌లో వీడియో తీయించి ఇద్దరికీ పంపండి, ఎందుకంటే చదవడం రానివాళ్లకు కూడా అది ఉపయోగపడుతుంది.

చదవగలిగినవాళ్ల కోసం పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి బీరువా తలుపుకు అంటించండి: రాత్రి రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, కేథటర్ (మూత్రం గొట్టం) ఏ వేళకు వేయాలి, తోక ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. రొమ్ము మధ్య భాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవారికి హఠాత్తుగా తలపోటు వచ్చి, ముఖం ఎర్రబడి, బీపీ పెరిగితే అది మామూలు తలనొప్పి కాదు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూడాలి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మనలో చాలామందికి దెబ్బ తగిలిన చోటుకు కింద చెమట పట్టదు కాబట్టి, మే నెల ఎండల్లో కరెంటు పోతే తడిగుడ్డతో ఒళ్లు తుడవాలని కూడా రాయండి.

ఆధార్ నకలు తీసుకోవడం, పాత ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం తప్పనిసరి. పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇస్తే ఇంకా మంచిది. ఆడవాళ్లకు ఆడమనిషే కావాలని మొహమాటపడకుండా ముందే చెప్పండి. వయసులో పెద్దవాళ్లను మీరు అనే పిలవండి. తాళంచెవి ఒకటి పక్క ఫ్లాట్‌లో నమ్మకమైనవారి దగ్గర ఉంచండి, కరెంటు పోయినా లిఫ్టు జనరేటర్ మీద నడుస్తుందో లేదో అద్దె మాట్లాడేటప్పుడే కనుక్కోండి.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కోసం వార్డు సచివాలయంలో స్లాట్ అడగండి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతం వల్లో ప్రమాదం వల్లో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. దానికి ఆదాయ పరిమితి ఉంది కాబట్టి, సహాయకుల జీతానికి దాన్నే నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు.

ఇద్దరూ రాలేని పూట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దాని కోసం రెండో కాగితం సిద్ధం చేసుకోండి. ఏ పని వాయిదా వేయకూడదో అందులో అదే ఉండాలి: కేథటర్, మందులు, నీళ్లు, తిండి, పక్క మార్చడం. స్నానం, తలంటు, కుర్చీలో కూర్చోవడం మర్నాటికి ఆగుతాయి. ఈ కొద్ది పనులు చేయగల ఇద్దరు పొరుగువారికి ఇప్పుడే ఒక ఆదివారం కాఫీకి పిలిచి, కేథటర్ సంచి ఖాళీ చేయడం, దిండు పెట్టి పక్కకు తిప్పడం చేసి చూపించండి.