ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా డబ్బులు పోయాయి: ఫోన్‌లో ఎక్కడ వెతకాలి

ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టే ప్రతివాళ్ళూ మొదట అనే మాట ఇదే, "ఓటీపీ ఎవరికీ చెప్పలేదు." నిజమే, చెప్పి ఉండరు. మీరు చెప్పాల్సిన అవసరమే దొంగకి లేదు ఇప్పుడు.

అయితే ఫోన్ నా దగ్గరికి తేవడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఇంకొకరి ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, బ్యాంకుకి చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం తప్పు మీదే అయినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే డబ్బుకి బ్యాంకుదే బాధ్యత. "రేపు బ్రాంచికి వెళ్దాంలే" అనుకునేవాళ్ళని చూసి చూసి విసుగొచ్చింది.

లక్షణం: డబ్బు కట్ అయిన మెసేజ్ కూడా రాలేదు, లేదా మీ వాట్సాప్ నుంచి మీకు తెలియకుండానే గ్రూపులన్నిటికీ ఏదో ఫైల్ వెళ్ళింది.

కారణం: ఏపీకే ఫైల్. ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్, కేవైసీ, పెళ్ళి శుభలేఖ, పేరు ఏదైనా కావచ్చు, చివర డాట్ ఏపీకే అని ఉంటే అది ఫోటో కాదు, పీడీఎఫ్ కాదు, ఫోన్‌లో దిగే యాప్. మీకొచ్చే ఓటీపీ మెసేజ్‌లని ఈ దొంగ యాపే చదివేస్తుంది. చలాన్ చూసుకోవాలంటే పోలీసుల ఈ-చలాన్ సైటు ఉంది, వాట్సాప్‌లో ఎవరూ యాప్ పంపరు.

ఇందులో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. మా పెదనాన్న స్కూటర్ రెండేళ్ళుగా షెడ్డులోంచి కదల్లేదు, అయినా చలాన్ వచ్చింది. నా బండి ఎవడు తీశాడో చూద్దామని నొక్కాడాయన. ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే ఇచ్చాడు, 1 రూపాయి కట్టమంటే కార్డు నంబరు కూడా కొట్టాడు. నేను వెళ్ళి డౌన్‌లోడ్స్‌లో ఆ ఫైల్ తీసేశాను, స్క్రీన్ మీద కొత్త ఐకాన్ ఏదీ లేదు, ఇక అయిపోయిందనుకుని అదే ఫోన్‌లో కొత్త యూపీఐ పిన్ కూడా పెట్టించాను. మర్నాడు రాత్రి మళ్ళీ డబ్బులు పోయాయి. ఫైల్ తీసేస్తే యాప్ పోదు, అది దిగిన వెంటనే తన ఐకాన్ దాచేసుకుంటుంది. ఇంత మామూలు సంగతి నాకు ఆ రోజు తట్టలేదు.

ఆ యాప్ ఎక్కడ దొరికిందంటే, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో ఎస్సెమ్మెస్. మెసేజ్‌లు చదవగలిగే యాప్‌లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. గూగుల్ పేరుతో రెండున్నాయి, ఒకటి అసలుది, రెండోదానికి బొమ్మ కూడా సరిగా లేదు. ఒక్క నిమిషం పని, ఎవరూ చూడరు.

పరిష్కారం: ముందు నెట్ ఆపి సిమ్ తీసేయండి, దాన్ని ఇంట్లో ఏదైనా బటన్ ఫోన్‌లో వేస్తే బ్యాంకు మెసేజ్‌లు అందులోకి వస్తాయి. అనుమానం ఉన్న యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కడానికి రాకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి, అందులోకి వెళ్ళి దాని టిక్ తీయాలి. సెట్టింగ్స్ తెరవగానే దానంతటదే మూసుకుపోతుంటే అది యాక్సెసిబిలిటీ, అంటే స్క్రీన్ చూసి మనకు బదులు బటన్లు నొక్కే అనుమతి, పట్టుకుని కూర్చుందన్నమాట. మనం వేసుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లో ఫోన్ ఆన్ చేసి అప్పుడు తీయండి. ఇప్పుడు నేనైతే అక్కడితో ఆగను, ఫోటోలు వేరేచోట దాచి, ఫోన్‌ని మొత్తం ఖాళీ చేసే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తాను. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మార్చేది ఆ తర్వాతే, లేదా వేరే ఫోన్‌లో. పాత కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి.

రీసెట్ చేసినా పోనిది కాల్ ఫార్వర్డింగ్, అంటే మీకొచ్చే కాల్స్ వేరే నంబరుకి మళ్ళించడం, ఎందుకంటే అది ఉండేది ఫోన్‌లో కాదు, నెట్‌వర్క్‌లో. *#21# కొట్టి చూడండి, తెలియని నంబరు కనిపిస్తే ##002#తో తీసేయండి. కోడ్ పనిచేయకపోతే ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ అని ఉంటుంది, లేదా కస్టమర్ కేర్. కొరియర్ బాయ్‌ని అంటూ ఎవడో ఏదో నంబరు డయల్ చేయించాక వాట్సాప్ పోయినా ఇదే చూడాలి. ఓటీపీని కాల్‌లో చెప్పించుకుంటే ఆ కాల్ వాడికే వెళ్తుంది కదా. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (మీ వాట్సాప్ తెరిచి ఉన్న వేరే ఫోన్లు, కంప్యూటర్లు) కూడా ఖాళీ చేసి, టూ స్టెప్ పిన్ పెట్టండి. మీకంటే ముందు దొంగే పిన్ పెట్టేసి ఉంటే వాట్సాప్ తిరిగి రావడానికి 7 రోజులు ఆగక తప్పదు.

మిగతావి అరుదు. సిగ్నల్ పూర్తిగా పోయి గంటలైనా రాకపోతే మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నారేమో కంపెనీ వాళ్ళని అడగండి. ఫోన్‌లో ఏమీ లేదు, డబ్బు మాత్రం ఆధార్ వేలిముద్రతో పోయిందని స్టేట్‌మెంట్‌లో ఉంటే, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టేయండి. రేషన్ షాపులో వేలు పెట్టే ముందు మాత్రం దాన్ని తీయాలి.