నెలలు నిండని బిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనం – 3వ పాఠం: కట్టు కట్టడం

పోయిన పాఠంలో బిడ్డను రొమ్ముల నడుమ నిలువుగా ఆనించుకోవడం నేర్చుకున్నాం. టోపీ, సాక్సులు, లంగోటా తప్ప బిడ్డ ఒంటి మీద గుడ్డ ఉండదు. చర్మానికి చర్మం తగలాలి. గంటసేపు అలా కూర్చుంటే చేతులు ఎంత లాగుతాయో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

అసలు కావలసింది గంట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువ. మన దేశంలోనూ ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లోనూ జరిపిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే ఎదకు చేర్చితే, కుదుటపడేదాకా ఆగి మొదలుపెట్టినప్పటికన్నా మొదటి 28 రోజుల్లో మరణాలు పావు వంతు తగ్గాయి. ఆ బిడ్డలు రోజుకు సుమారు 17 గంటలు అలా ఉన్నారు. ఉత్త చేతులతో పట్టుకుని అన్ని గంటలు ఎవరివల్లా కాదు. కట్టు కావాలి.

ఆసుపత్రిలో కుట్టిన కట్టు ఇస్తే అదే వాడండి. లేకుంటే ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీర చాలు. నైలాన్ చీర వద్దు, జారుతుంది, చెమట పీల్చదు. గుడ్డ వెడల్పు బిడ్డ చెవి కింద నుంచి పిర్రల కిందిదాకా రావాలి. పొడవు మీ ఒంటిని చుట్టి గట్టి ముడి పడేంత ఉండాలి.

బిడ్డను ఎత్తేటప్పుడు ఒక చేయి మెడ, వీపు వెనక పెట్టండి. ఆ చేతి బొటనవేలూ మిగతా వేళ్లూ దవడ కిందికి వస్తే తల ముందుకు వాలదు. రెండో చేయి పిర్రల కింద. ఎదకు ఆనించాక తల ఒక పక్కకు తిప్పండి, గడ్డం కొంచెం పైకి. కాళ్లు కప్ప కాళ్లలా మడిచి ఎడంగా, చేతులు మడిచి. అప్పుడు పక్కన ఉన్నవాళ్లు గుడ్డ చుట్టాలి. పై అంచు చెవి కిందికి రావాలి.

ఇక బిగువు సంగతి. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. అనంతపురంలో గానీ, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో గానీ బిడ్డను కట్టేటప్పుడు అవ్వలు అడిగేది ఒకటే: "ఇంత బిడ్డను బిగిస్తే ఊపిరాడ్తాదా మ్మా?" ఆ భయం ప్రేమలోంచి వచ్చిందే. కానీ ఆ భయంతోనే ముడి వదులుగా వేస్తారు, నిజమైన ప్రమాదం అక్కడుంది. వదులు కట్టులో బిడ్డ కిందికి జారుతుంది, గడ్డం తన రొమ్ముకే గుచ్చుకుంటుంది, మెడ మడతపడి గాలిదారి మూసుకుంటుంది. నెలలు నిండని బిడ్డ తల ఎత్తుకోలేదు, ఏడ్చి చెప్పలేదు.

కాబట్టి బిగువు ఉండాలి, ఉండాల్సిన చోట. బిడ్డ రొమ్ము భాగం మీద గుడ్డ గట్టిగా పట్టాలి. కడుపు మీద వదులుగా ఉండాలి, ఎందుకంటే ఈ బిడ్డలు కడుపు ఆడిస్తూ ఊపిరి తీస్తారు. మన ఇళ్లలో బాలింతకు పాత చీరతో నడుము కట్టే పెద్దవాళ్లకు ముడి వేయడం నేర్పనక్కర్లేదు. ఒక్కటే గుర్తుచేయండి: ఆ బిగువు నడుముకు, ఈ బిగువు పైన.

ముందు బిడ్డతో కాకుండా, కిలోన్నర బియ్యం మూటతో కట్టి చూడండి. లేచి నిలబడండి, నాలుగడుగులు నడవండి. మూట జారితే మళ్లీ కట్టండి. బిడ్డతో మొదటిసారి మాత్రం నర్సు పక్కనుండగానే.

కట్టాక మాటిమాటికీ చూడాల్సినవి ముఖం, మెడ, ఊపిరి. ముక్కు, నోరు కనబడుతూ ఉండాలి. నిద్రపోయేటప్పుడు పూర్తిగా వెల్లకిలా పడుకోకండి. దిండ్లు పెట్టుకుని తలవైపు ఎత్తుగా ఆనుకోండి, ఇంకొకరు మెలకువగా ఉండి చూస్తే మంచిది.

మన ఎండాకాలంలో ఉక్కపోస్తే? కట్టు విప్పాల్సిన పని లేదు. ముందు టోపీ, సాక్సులు తీయండి, ఫ్యాను గాలి నేరుగా తగలనీయకండి. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరే. సాంబ్రాణి పొగ మాత్రం ఆ గదిలోకే రాకూడదు. పెద్దవాళ్లకు నొప్పి కలగకుండా చెప్పండి, కానీ తప్పక చెప్పండి.

తల్లి స్నానానికి, భోజనానికి లేచినప్పుడు నాన్న కట్టుకోవచ్చు, అవ్వ కట్టుకోవచ్చు. దగ్గు, జ్వరం, చర్మ వ్యాధి లేకుండా, ఒళ్లు శుభ్రంగా ఉంటే చాలు. సిజేరియన్ అయిన తల్లి కూడా మంచం మీద ఆనుకుని మొదలుపెట్టవచ్చు.

ఊపిరి ఆగినట్టు అనిపిస్తే వెంటనే వీపు రుద్దండి, అరికాలు తట్టండి, నర్సును కేకేయండి. ఇంట్లో ఉంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

నాలుగో పాఠం ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం. ఈలోగా మీ బిడ్డకు పూటకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో నర్సును అడిగి, కాగితం మీద రాసి మంచం దగ్గర అతికించుకోండి.