మోడల్ రైల్లో సరుకు బండ్లు – 5వ పాఠం: ఇసుక ఎంత ఎత్తు పోయాలి?

పోయిన పాఠంలో బొగ్గు లోడు చేశాం. హాపర్ వ్యాగన్, అంటే పైకప్పు లేకుండా, అడుగున గరాటులూ తలుపులూ ఉన్న బండి, నిండా పోసి, అంచు దాటి గుట్టలా పైకి లేపి, జిగురుతో బిగించాం. అది అలవాటైన చెయ్యి ఇసుక దగ్గరికొచ్చినా అదే పని చేస్తుంది. ఇవాళ ఆ అలవాటును మాన్పించాలి. అంచు దాకా ఇసుక నింపిన హాపర్ చూడ్డానికి ఎంత బాగున్నా, ఆవిరి ఇంజన్ల కాలపు అమెరికాలో అలాంటి బండిని యార్డు దాటనివ్వరు. బరువు కాటా మీదికి ఎక్కగానే పక్కకు తీయించి, ఎక్కువైనదంతా పారలతో దింపిస్తారు.

మన పాఠాల కాలం, చోటు మారలేదు: 1920 నుంచి 1950 దాకా, అమెరికా తూర్పు, మధ్య పశ్చిమ రాష్ట్రాలు. స్కేలు హెచ్‌ఓ, అంటే అసలు బండిలో ఒక అడుగు మన బల్ల మీద మూడున్నర మిల్లీమీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

బండి పక్కన రాసిన అంకెలు

నాలుగో పాఠంలో వీటిని తేలిగ్గా దాటేశాం, ఎందుకంటే బొగ్గుకు పెద్దగా అక్కర్లేదు. బొగ్గు ఘనపుటడుగుకు 50–55 పౌన్లు తూగుతుంది. హాపర్‌ను తయారుచేసిందే దాని కొలతకు కాబట్టి, నిండుగా పోసినా బరువు హద్దులోనే ఉంటుంది. ఎండు ఇసుక మాత్రం ఘనపుటడుగుకు దాదాపు 100 పౌన్లు, అంటే ఇంచుమించు రెట్టింపు.

మీ దగ్గరున్న వ్యాగన్ ఏదైనా తీసి భూతద్దంతో పక్క గోడ చూడండి. మూడు వరుసలు కనిపిస్తాయి. మొదటిది కెపాసిటీ, అంటే పేరుకు చెప్పే సామర్థ్యం. రెండోది లోడ్ లిమిట్, అంటే నిజంగా ఎక్కించదగ్గ గరిష్ఠ బరువు. మూడోది ఖాళీ బండి బరువు. మనకు కావలసింది రెండోదే. అది ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుంటే, అంకెలు చెరిగిపోయిన పాత మోడల్‌కి కూడా మీరే లెక్క కట్టుకోవచ్చు.

ఇరుసు కొనలు బేరింగులో కూర్చునే చోటు ఎంత లావుంటే బండి అంత మోస్తుంది. యాభై టన్నుల బండికి ఆ కొనలు ఐదున్నర అంగుళాల మందం, పది అంగుళాల పొడవు. అలాంటి ఇరుసులు నాలుగుంటే బండీ సరుకూ కలిసి 1,69,000 పౌన్లు దాటకూడదు. డెబ్భై టన్నుల బండికి కొనలు ఆరు అంగుళాల మందం, పదకొండు పొడవు, హద్దు 2,10,000. ఈ హద్దులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే లోడ్ లిమిట్. మరమ్మతుల్లో పలకలు మారితే ఖాళీ బరువూ మారుతుంది కాబట్టి బండిని అప్పుడప్పుడు మళ్లీ తూచి, పాత అంకెల మీద రంగు కొట్టి కొత్తవి రాసేవాళ్లు. మాసిన గోడ మీద ఆ చిన్న చదరం మాత్రం తాజా రంగుతో మెరుస్తుంటుంది. దాన్ని మోడల్‌లో చూపించేవాళ్లు తక్కువ. మీరు చూపించండి.

మొదటి లెక్క: గొండోలా

గొండోలా అంటే పైకప్పు లేని, చదును అడుగున్న పెట్టె బండి. లోపల పొడవు 41 అడుగులు, వెడల్పు 9, గోడ ఎత్తు నాలుగున్నర అనుకుందాం. ఖాళీ బరువు 45,000 పౌన్లు. 1,69,000లోంచి అది తీసేస్తే 1,24,000. వందతో భాగిస్తే 1,240 ఘనపుటడుగుల ఇసుక. అడుగు వైశాల్యం 41ని 9తో గుణిస్తే 369. 1,240ని దాంతో భాగిస్తే సుమారు 3.4 అడుగుల లోతు, అంటే మన స్కేల్లో 12 మిల్లీమీటర్లు. గోడ దాదాపు 16 మిల్లీమీటర్లు కాబట్టి, ఇసుకను చదునుగా పరిస్తే అంచుకు నాలుగు మిల్లీమీటర్లు కిందే ఆగిపోవాలి.

ఇది ఎండు ఇసుక సంగతి. ఇళ్లకూ రోడ్లకూ వెళ్లే ఇసుకను గుంటలోంచి తీసి, కడిగి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే బండికెత్తుతారు. తడి ఇసుక బరువెక్కువ కదా, ఇంకా తక్కువ పోయాలేమో అనిపిస్తుంది. అక్కడే తిరకాసు. సివిల్ డిప్లొమా చదివినవాళ్లకు బల్కింగ్ గుర్తుండే ఉంటుంది. ఐదు శాతం దాకా తేమ ఉన్న ఇసుకను వదులుగా పోస్తే రేణువుల చుట్టూ నీటి పొర చేరి, వాటిని దగ్గరికి రానివ్వదు. ఇసుక ఉబ్బుతుంది, పరిమాణం ఇరవై ముప్ఫై శాతం పెరుగుతుంది. ఘనపుటడుగు 85 పౌన్లకు దిగిందనుకుంటే, అదే 1,24,000 పౌన్లకు 1,459 ఘనపుటడుగులు కావాలి. లోతు నాలుగడుగులకు కాస్త తక్కువ, అంటే 14 మిల్లీమీటర్లు. చెమ్మ ఇసుక అంచుకు రెండు మిల్లీమీటర్ల దాకా వస్తుంది, ఎండు ఇసుక నాలుగు దగ్గరే ఆగుతుంది.

దారి పొడుగునా కుదుపులకు ఈ ఉబ్బు దిగిపోతుంది. అందుకే గుంట దగ్గర బయల్దేరే బండిలో కుప్పలు కోసుగా ఉండాలి, ఊరు చేరిన బండిలో మొన అరిగి కిందికి కుదురుకుని ఉండాలి. తీసి మార్చుకునే లోడ్లు రెండు రకాలు చేసి పెట్టుకుంటే ఈ తేడా బల్ల మీద చూపించవచ్చు.

రెండో లెక్క: హాపర్

హాపర్ అడుగు ఏటవాలు కాబట్టి కిందినుంచి కొలిస్తే తల తిరుగుతుంది. పైనుంచి రండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం రైళ్ల నిర్వహణ చేతికి తీసుకుని ప్రామాణిక నమూనాలు గీయించినప్పుడు పుట్టిన రెండు గరాటుల హాపర్ ఉంది చూశారూ, దాని పరిమాణం 1,880 ఘనపుటడుగులు. ఖాళీ బరువు 41,000 అనుకుంటే లోడ్ లిమిట్ 1,28,000, అంటే 1,280 ఘనపుటడుగుల ఎండు ఇసుక. ఖాళీగా మిగలాల్సింది 600. పైభాగం వైశాల్యం సుమారు 290 చదరపుటడుగులు. 600ని 290తో భాగిస్తే రెండడుగుల పైచిలుకు. అంచునుంచి ఏడు మిల్లీమీటర్ల కిందికి గీత గీసుకోండి, ఇసుక మట్టం అదే.

కుప్పలు కూడా గరాటుల మీదే, రెండుగా పడాలి. గొండోలాలోనైతే రెండు కొసల దగ్గర, నాలుగేసి చక్రాల చట్రాల (ట్రక్కుల) పైన ఎక్కువ ఇసుక, నడుమ తక్కువ. నడుమంతా గుట్ట పోస్తే బండి వెన్ను వంగుతుందని లోడు ఎక్కించేవాళ్లకు బాగా తెలుసు.

ఏ ఇసుకకు ఏ బండి

ఇల్లు కట్టే ఇసుక చవక సరుకు. కాస్త దూరం మోస్తే ఇసుక ధరకన్నా రైలు కిరాయే ఎక్కువవుతుంది. అందుకే దాని ప్రయాణం పొట్టి: గుంట నుంచి దగ్గర్లోని పట్నానికి, లోకల్ గూడ్సులో. మన ఊళ్లలో వాగు దగ్గర్నుంచి ట్రాక్టరు తోలే లెక్కే అనుకోండి. దానికి పాతబడిన గొండోలాలు, బొగ్గు గిరాకీ తగ్గిన వేసవిలో ఖాళీగా దొరికే హాపర్లు. ఉత్తరాది చలికాలంలో తడి ఇసుక బండిలోనే గడ్డకట్టి కింది తలుపులు తెరిచినా జారదు; ఆవిరి పెట్టాలి, గునపాలతో పొడవాలి. అసలు అప్పటికి కట్టడాలే ఆగిపోతాయి, చాలా గుంటలు మూతపడతాయి. మీ లేఅవుట్‌లో, అంటే బల్ల మీద కట్టుకున్న మోడల్ రైలు ఊళ్లో, జనవరి మంచు చల్లి, పక్కనే ఇళ్ల ఇసుక రైలు నడిపితే నాకైతే మింగుడుపడదు.

గాజు ఇసుక సంగతి పూర్తిగా వేరు. ఇల్లినాయి రాష్ట్రంలో ఒటావా, పశ్చిమ వర్జీనియాలో బర్క్లీ స్ప్రింగ్స్, పెన్సిల్వేనియాలో మేపుల్టన్ — ఈ మూడూ పేరుమోసిన గాజు ఇసుక ఊళ్లు. ఒటావా ఇసుక పంచదారలా తెల్లగా ఉంటుంది. ఇసుకలో ఇనుము కాస్త ఎక్కువైనా గాజుకు పచ్చదనమో నీలమో దిగుతుంది. కాబట్టి దాన్ని కడిగి, ఆరబెట్టి, బొగ్గు మసి, తుప్పు రజను తగలకుండా పంపాలి. తెల్ల గాజు కొలిమికి వెళ్లే ఇసుకను నిన్న బొగ్గు మోసిన హాపర్లో పోస్తే కొన్నవాడు బండిని వెనక్కి తిప్పుతాడు. ఇంత జాగ్రత్త పడే సరుకు కాబట్టే ధర పలికేది, దూరాలు వెళ్లేది, చలికాలంలోనూ ఆగనిది.

మొదట్లో దీన్ని బాక్స్‌కార్లలో, అంటే పైకప్పున్న మూత బండ్లలో పంపేవాళ్లు. లోపల గోడలకు కాగితం పరిచి, తలుపుల సందుకు లోపలివైపు అడ్డంగా పలకలు కొట్టి, దానిమీంచి ఇసుక పోసేవాళ్లు. నలభై అడుగుల బాక్స్‌కార్‌లో కూడా లెక్క దాదాపు మన గొండోలాదే: మూడడుగుల పైచిలుకు లోతు. మనిషి నడుం దాకా ఇసుక, పైనంతా ఖాళీ గాలి. దించేటప్పుడు పారే దిక్కు. మోడల్‌లో ఈ లోడు కనబడదు. తలుపు కింద అడుగుపలక మీద జారిన తెల్లటి చార, తలుపు తీసి ఉంటే చిరిగిన కాగితం అంచు, అవి చాలు.

1930ల నుంచి మూత హాపర్లు పెరిగాయి. పైన గుండ్రటివో చదరపువో మూతలు, కింద గరాటులు. పొట్టిగా ఉండే 1,958 ఘనపుటడుగుల డెబ్భై టన్నుల బండి వీటిలో బాగా పేరుపడ్డది. సిమెంటూ ఇసుకా లాంటి బరువు సరుకుకే కాబట్టి దాన్ని పొట్టిగా కట్టారు. మీ లేఅవుట్ 1925 నాటిదైతే మాత్రం గాజు ఇసుకకు బాక్స్‌కార్లే ఎక్కువగా పెట్టండి.

ఇసుక రైళ్లు ఎంత మోసేవో ఊహకు రావాలంటే ఇండియానా రాష్ట్రంలో మిషిగన్ సిటీ చూడాలి. అక్కడ సరస్సు ఒడ్డున హూసియర్ స్లయిడ్ అని దాదాపు రెండొందల అడుగుల ఇసుక కొండ ఉండేది. జనం దాన్నెక్కి జారి ఆడుకునేవాళ్లు. 1890ల నుంచి దాన్ని పారలతో తవ్వి, తోపుడు బండ్లతో వ్యాగన్లకు ఎక్కించారు. మన్సీ ఊళ్లో బాల్ సోదరుల కార్ఖానాకు, పళ్లూ కూరలూ నిల్వచేసే గాజు జాడీల కోసం, అక్కడి ఇసుక వెళ్లింది. ఆ జాడీలకు పేరు తెచ్చిన నీలి రంగు ఆ ఇసుకలోని ఇనుము చలవే. 1920 నాటికి కొండ లేదు.  ముప్ఫై ఏళ్ల పాటు వ్యాగన్లు నిండుతూనే పోయాయి.

ఇక రైలు తన కోసం మోసుకునే ఇసుక. చక్రం జారకుండా పట్టాల మీద చల్లేందుకు ప్రతి లోకో షెడ్డుకూ కావాలి. మన దేశంలో ఆవిరి షెడ్లకూ కావలసివచ్చేది. పాత గొండోలాలో పచ్చి ఇసుక వస్తుంది, కూలీలు పారలతో కొట్టంలో వేస్తారు. నడుమ పోత ఇనుము పొయ్యి, దాని చుట్టూ గరాటులో తడి ఇసుక. తడిగా ఉన్నంతసేపు ఇసుక ఒకదానికొకటి అంటుకుని నిలబడుతుంది. ఆరిన రేణువులు మాత్రం అడుగున చిల్లుల్లోంచి వాటంతటవే జారిపోతాయి. ఎవరూ కలబెట్టక్కర్లేదు. జల్లెడ పట్టాక గాలి ఒత్తిడితో గొట్టం గుండా ఎత్తు తొట్టికి, అక్కణ్ణుంచి ఇంజను వీపు మీది ఇసుక గుమ్మటానికి. లేఅవుట్‌లో షెడ్డు ఉండి, దాని పక్క లైన్లో ఇసుక గొండోలా లేకపోతే అది లోటే.

చేసే పద్ధతి

అసలు ఇసుక వాడొద్దు. హెచ్‌ఓలో అది గులకరాళ్లలా కనబడుతుంది. ముగ్గుపిండి తెచ్చి పాత నూలు చీర ముక్కలో మూటకట్టి దులపండి. కిందపడ్డ మెత్తటి పొడే మన సరుకు. ఒటావా ఇసుకకు అలాగే తెలుపు. ఇళ్ల ఇసుకకు కొంచెం మట్టిరంగు, కాస్త బూడిద. పోతపని ఇసుకకు, అంటే న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ పరిసరాల నుంచి ఫౌండ్రీలకు వెళ్లే బంకమన్ను కలిసిన ఇసుకకు, చిటికెడు ఇటుక పొడి.

బండి లోపలి కొలతకు థర్మోకోల్ ముక్క కోసి, మన లెక్కలో వచ్చిన మట్టానికి మిల్లీమీటరు తక్కువగా చెక్కండి. పైన జిగురు రాసి, కాగితం గరాటుతో పొడిని ఒకే చోట నెమ్మదిగా వదలండి. ఎండు ఇసుక కుప్ప వాలు ముప్ఫై నాలుగు డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఎత్తు, అడుగు వ్యాసార్థంలో మూడింట రెండొంతులు. పొడి ఇంకా నిటారుగా నిలబడితే గోడను గోటితో రెండుసార్లు తట్టండి, దిగుతుంది. చెమ్మ ఇసుకకు తట్టకండి, ఆ నిటారే కావాలి. తర్వాత ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి డ్రాపర్‌తో అంచుల నుంచి ఇంకనివ్వండి. నడి కుప్ప మీద చుక్క వేస్తే గుంట పడుతుంది.

ఇంటిపని

డెబ్భై టన్నుల గొండోలా, ఇరుసు కొనలు ఆరు, పదకొండు అంగుళాలవి. ఖాళీ బరువు 52,000 పౌన్లు. లోపల పొడవు 46 అడుగులు, వెడల్పు 9, గోడ ఎత్తు 4. ఎండు ఇసుక పోస్తే అంచుకు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి రావాలి? ఘనపుటడుగు 85 పౌన్ల చెమ్మ ఇసుక అయితే? రెండో జవాబు చూసి కంగారు పడకండి, లెక్క తప్పు కాదు. ఆ బండిని ఏ మేరకు నింపి పంపుతారో ఆరో పాఠంలో, బరువు కాటా లైను వేసేటప్పుడు చూద్దాం.