కుక్కా పిల్లీ కలిసిపోయాయని నమ్మి తలుపేసి వెళ్ళకండి

ఈమధ్య తెలిసినవాళ్ళ ఇంట్లో పిల్లి చనిపోయింది. చంపింది ఆ ఇంటి కుక్కే. ఏడాదికి పైగా రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఒకే పరుపు మీద పడుకున్న ఫోటోలు వాళ్ళ ఫోన్ నిండా ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు కాసేపు బయటికి వెళ్ళొచ్చేసరికి అంతా అయిపోయింది. అంతకుముందు ఒక్క గొడవ లేదు, ఒక్క గాటు లేదు. ఇప్పుడు వాళ్ళని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: "అంత బాగా ఉండేవి కదా, ఇలా ఎలా జరిగింది?"

సెలవులు దగ్గర పడుతున్నాయి. చుట్టాలొస్తారు, మనం ప్రయాణాలు పెట్టుకుంటాం, ఇంట్లో జంతువుల తిండీ నిద్రా అన్నీ తారుమారవుతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. కొత్తగా తెచ్చినదాన్ని వేరే గదిలో పెట్టడం, ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు చేయడం, తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెట్టి తినిపించడం, మొదట్లో కుక్కకి గొలుసు వేసి ఉంచడం, ఇవన్నీ అందరూ చెప్పేవే. వాటి జోలికి వెళ్ళను. మొదటి నెల అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కొంప మునిగేది ఆ తర్వాత, మనకి ధైర్యం వచ్చాక.

అసలు తప్పు

మనిషి లేని చోట కుక్కనీ పిల్లినీ కలిపి వదిలేయడం. నేను చూసిన పెద్ద ప్రమాదాలన్నిటికీ మూలం ఇదే. కుక్క జాతి ఏదైనా, పిల్లి ఎంత గడుసుదైనా, చివరికి తేలేది మాత్రం ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరనే.

"కలిసిపోయాయి" అని మనం దేన్ని చూసి అంటున్నాం? పక్కపక్కనే పడుకున్నాయని. పడుకున్న పిల్లిని చూసి కుక్క ఊరుకోవడం పెద్ద విషయం కాదు. పరిగెత్తే పిల్లిని చూసి ఊరుకోవడం పెద్ద విషయం. కుక్కకి పిల్లి మీద కోపం ఉండక్కర్లేదు, అసూయ ఉండక్కర్లేదు. తేరిపార చూడటం, పొంచడం, తరమడం, పట్టడం, విదిలించడం అనే వరుస దాని రక్తంలో ఉంది. కొన్ని జాతులని మనుషులే ఈ వరుస కోసం తరతరాలుగా ఎంచి పెంచారు. గ్రేహౌండ్ కదిలేదాన్ని చూసి వెంటాడటానికి పుట్టింది. టెర్రియర్లు చిన్నవే, కానీ వాటిని పెంచిందే ఎలుకల్లాంటి చిన్న ప్రాణుల్ని చంపడానికి. "మాది బుజ్జి కుక్క, అదేం చేస్తుంది" అనేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పిల్లి ఏదో శబ్దానికి ఉలిక్కిపడి గదికి అడ్డంగా దూకుతుంది. కుక్క లేస్తుంది. మీరు అక్కడుంటే "ఆగు" అంటారు, ఆగుతుంది, మీరు నవ్వుకుంటారు. ఆ దృశ్యం మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. మీరు లేనప్పుడు ఆ "ఆగు" అనే మాట ఉండదు. కుక్క మర్యాదలో చాలా భాగం మీరు గదిలో ఉన్నారన్న ఎరుక వల్ల వచ్చిందే. మీతో పాటే అదీ బయటికి వెళ్ళిపోతుంది.

చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగాయి అంటారు. మంచిదే. కుక్కపిల్లకి సుమారు 3 నుంచి 14 వారాల మధ్య, పిల్లికూనకి 2 నుంచి 7 వారాల మధ్య కలిసిన ప్రాణుల్ని అవి సులువుగా తమవాటిగా ఒప్పుకుంటాయి. దానివల్ల ప్రమాదం తగ్గుతుంది. పోదు. పైగా కుక్కపిల్ల ఎదిగి మూడు నాలుగింతలైనా ఆట మాత్రం పాత పద్ధతిలోనే ఆడుతుంది. పంజా వేసి నొక్కిపెట్టడం దానికి ఆటే, కింద ఉన్న పిల్లికి పక్కటెముకలు విరగొచ్చు.

ఇంట్లో రెండు కుక్కలుంటే ఇంకా కష్టం. విడివిడిగా పిల్లిని పట్టించుకోని కుక్కలు రెండూ కలిసి ఉన్నప్పుడు ఒకటి పరుగందుకుంటే రెండోది వెనకే వెళ్తుంది. సెలవుల్లో చుట్టాలు తమ కుక్కని తెచ్చినా జరిగేది ఇదే. ఇంట్లో పిల్లిని ముద్దుచేసే కుక్క పెరట్లో అదే పిల్లిని తరమడం కూడా మామూలే. లోపలి ఒప్పందం బయట చెల్లదు.

ఒకటి బాగా గమనించండి. మొరిగే కుక్క కన్నా, మొరగకుండా బిగుసుకుపోయి రెప్ప వేయకుండా చూసే కుక్క ప్రమాదం. పిలిస్తే తల తిప్పదు, తినేది చూపించినా రాదు. తోక ఊపుతోంది కదా అని మురిసిపోకండి. ఒళ్ళు బిగిసి ఉండి తోక మాత్రం పైకెత్తి గబగబా ఆడుతుంటే అది స్నేహం కాదు. ఇలా ఒక్కసారి చూసినా ఆ రెండింటినీ మీ కళ్ళెదుట కూడా గొలుసు లేకుండా కలపకండి, కుక్కల ప్రవర్తన తెలిసినవాళ్ళకి చూపించండి.

కాబట్టి బయటికి వెళ్తే విడగొట్టి వెళ్ళండి. పది నిమిషాలైనా సరే. స్నానానికి వెళ్తున్నా సరే. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పక్క గదిలో పని చేసుకోవడం ఇంట్లో ఉండటం కిందికి రాదు. రాత్రి నిద్ర కూడా అంతే. మధ్యలో గొళ్ళెం పడే తలుపు ఉండాలి. కర్టెన్ కాదు, వారగా వేసిన తలుపు కాదు, పిల్లి దూకి దాటేసే చిన్న గేటు కాదు. ఇది కొన్నాళ్ళ నియమం కాదు, ఎప్పటికీ పాటించమని నా సలహా. అతి జాగ్రత్త అనేవాళ్ళు ఉంటారు. అననివ్వండి.

ఇంట్లో ఏది ఎక్కడ

పిల్లికి పైకి దారి ఉండాలి. బీరువా మీద, షెల్ఫ్ మీద, కిటికీ గట్టు మీద కుక్కకి అందని చోట్లు ప్రతి గదిలో ఒకటైనా ఉండాలి. సోఫా కింద దాక్కోవడం దాక్కోవడం కాదు. కుక్క ముందు కూర్చుంటే అది బోనులో పడ్డట్టే. పిల్లి తినే చోటు, నీళ్ళ చోటు, మలమూత్రాలకి పెట్టిన లిట్టర్ బాక్స్ ఇవేవీ ఒకే దారి ఉన్న మూలలో పెట్టకండి. కుక్క ఆ దారిలో పడుకుంటే పిల్లి మూత్రం బిగబట్టుకుంటుంది. టెన్షన్‌కి పిల్లుల మూత్రాశయం వాస్తుంది. మగపిల్లి అయితే మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి పూర్తిగా మూసుకుపోవచ్చు. మాటిమాటికీ బాక్స్‌లో కూర్చుని ఒక్క చుక్కా రాకుండా లేస్తుంటే అది మలబద్ధకం అనుకుని ఆగకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తిండి విషయం. పిల్లి తిండిలో కొవ్వూ మాంసకృత్తులూ ఎక్కువ, కుక్కకి అది మహా ఇష్టం; అలవాటైతే లావెక్కుతుంది, క్లోమం వాచే కుక్కలూ ఉన్నాయి. కుక్క తిండి పిల్లికి అంతకన్నా చెడ్డది. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకి సరిపడా తయారుచేసుకోలేదు. అది చాలని తిండి నెలల తరబడి తింటే కంటి చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. రెండింటికీ ఒకే డబ్బా కొనే పొదుపు వద్దు.

కుక్క మందు పిల్లికి విషం

కలిపి వదలడం తర్వాత అంతగా జాగ్రత్త పడాల్సింది ఇది. పిడుదులు, గోమార్లు పోవడానికి కుక్క మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకి ఫరవాలేదు. పిల్లి కాలేయం దాన్ని విడగొట్టి బయటికి పంపలేదు. పెద్ద కుక్క ట్యూబులో కాస్త మిగిలిందని పిల్లికి వేస్తారు, కొన్ని గంటల్లో చెవులు అదరడం, ఒళ్ళు వణకడం, ఆ తర్వాత ఫిట్స్. వేయకపోయినా, మందు వేసిన కుక్కని ఆనుకుని పడుకున్నా, దాని ఒళ్ళు నాకినా చాలు. అలాంటి మందు వేస్తే కనీసం 72 గంటలు రెండింటినీ వేరుగా ఉంచండి. పొరపాటున పిల్లికి తగిలితే గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో వెంటనే కడిగి, ఒళ్ళు తుడిచి, ట్యూబు చేతిలో పట్టుకుని మరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. అసలు పిల్లి ఉన్న ఇంట్లో కుక్కకి పెర్మెత్రిన్ లేని మందు రాయమని వెటర్నరీ డాక్టర్ని ముందే అడగడం మేలు.

ఇక మిగతావి, ఒక వరుస లేకుండా

ఆపరేషన్ అయి మత్తు దిగని పిల్లిని కుక్క ఉన్న గదిలోకి తేవద్దు. అది తూలుతూ నడుస్తుంది, ఒళ్ళు జెర్క్ ఇస్తుంది, వాసన మారి ఉంటుంది. కుక్క కంటికి అది మీ పిల్లి కాదు, దెబ్బతిన్న వేట. పూర్తిగా కోలుకునే దాకా తలుపు వేసే ఉంచండి.

కాలింగ్ బెల్ మోగే సమయం ప్రమాదం. కుక్క రెచ్చిపోతుంది, పిల్లి పారిపోతుంది. ముందు కుక్కని పట్టుకోండి, తర్వాత తలుపు తీయండి.

ముసలి కుక్క మీదికి పిల్లికూనని వదలకండి. కళ్ళు కనబడక, చెవులు వినబడక, కీళ్ళ నొప్పులతో ఉన్న కుక్క నిద్రలో ఉలిక్కిపడితే ముందు కరుస్తుంది, తర్వాత చూస్తుంది.

పిల్లి గోరు కుక్క కంటికి తగిలితే, కన్ను మూసుకుని నీళ్ళు కారుతుంటే, ఇంట్లో ఉన్న పాత కంటి చుక్కలు వేయకండి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలైతే నల్లగుడ్డు మీద గాయం ముదురుతుంది. పగ్ లాంటి కళ్ళు ముందుకొచ్చిన కుక్కలకి ఈ దెబ్బ తేలిగ్గా తగులుతుంది. ఆ రోజే చూపించండి.

పిల్లి గోళ్ళ కొనలు కత్తిరిస్తూ ఉండండి. గోళ్ళు పీకించకండి.

పిల్లికి లాగితే ఊడే బెల్టు మాత్రమే కట్టండి.

ఫోటో కోసం రెండింటినీ పట్టుకుని దగ్గరికి నొక్కకండి. వీడియో కోసం అస్సలు వద్దు.

భయపడిన పిల్లిని చేతుల్లోకి ఎత్తుకుని కుక్కకి చూపించకండి. రెండింటి కోపమూ మీ మొహం మీదే తీరుతుంది.

పిల్లి తినడం మానేస్తే "అలిగింది" అనకండి. ఒక రోజు దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు తిండి లేకపోతే, ముఖ్యంగా లావు పిల్లుల్లో, కాలేయానికి కొవ్వు పడుతుంది.

మనుషుల పారాసిటమాల్ పిల్లికి ఇవ్వకండి. ఒక్క మాత్ర చంపేస్తుంది.

రెండింటికీ టీకాలు, నులిపురుగుల మందు సమయానికి వేయించండి. పిల్లి ఇల్లు దాటదు కదా అంటారు. కుక్క దాటుతుంది, తిరిగొస్తుంది. పిడుదులూ గోమార్లూ ఇద్దరివీ. కుక్కల పార్వో వైరస్‌లో కొన్ని రకాలు పిల్లులకీ అంటుకుంటాయి.

ఊరెళ్తూ ఇల్లు అప్పగించినవాళ్ళకి "అవి బాగానే ఉంటాయి" అని చెప్పి వెళ్ళకండి. ఏ తలుపు ఎప్పుడు వేయాలో కాగితం మీద రాసి ఆ తలుపుకే అంటించండి. కలిపి వదలొద్దు అన్నది అందులో మొదటి వాక్యం. వాళ్ళు పట్టించుకోరని అనుమానం ఉంటే కుక్కని ఒకచోట, పిల్లిని ఇంకోచోట ఉంచి వెళ్ళండి.

కొట్టుకుంటుంటే మధ్యలో చేతులు పెట్టకండి. దుప్పటి వేయండి, నీళ్ళు కొట్టండి, కుర్చీ అడ్డం తోయండి. కుక్క నోట్లో పిల్లి ఉంటే పిల్లిని పట్టుకుని లాగకండి, చీలిపోతుంది.

కుక్క ఒక్కసారి పట్టినా పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పైన రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి, రక్తం కూడా రాదు. కుక్క విదిలించినప్పుడు లోపల కండ నలుగుతుంది, పక్కటెముకలు విరుగుతాయి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. పిల్లి మంచం కిందికి పోయి మౌనంగా పడుకుంటుంది, మీరు బాగానే ఉంది అనుకుంటారు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్ళు తెల్లబడినా ఒక్క నిమిషం ఆగకండి.

మిమ్మల్ని కరిస్తే, గీరితే, సబ్బూ పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. మీ సొంత జంతువే అయినా అదే రోజు డాక్టర్‌కి చూపించి రేబిస్ టీకా అవసరమో కాదో ఆయన్నే తేల్చనివ్వండి. చేతి మీద పిల్లి కాటు చూడ్డానికి సూది గుచ్చినట్టే ఉంటుంది కానీ లోతుగా దిగుతుంది. మర్నాటికి వాచి ఎర్రబడేదాకా ఎదురుచూడకండి.